టెక్కలి రాతి పనివారు చేసిన మా సమాధుల మరమ్మతు

ఉద్దానంలో మా ఊరి చివర, కొబ్బరితోట నడుమ, మా వంశం వారి సమాధులు పదకొండు ఉన్నాయి. అడవి కొట్టి, ఇసుక నేలలో బావులు తవ్వి, అక్కడ మొదట కొబ్బరి నాటినది వారేనని ఇంట్లో చెప్పుకుంటారు. 2018 అక్టోబరు 11 వేకువన తిత్లీ తుపాను పలాస ప్రాంతంలో తీరం దాటినప్పుడు, వారి తోట వారి సమాధుల మీదే కూలి నాలుగు రాళ్లు విరిగాయి. తోట మళ్లీ నాటుకోవడమే భారమై సమాధుల మరమ్మతు ఏళ్ల తరబడి వాయిదా పడగా, గత ఏడాది టెక్కలి దగ్గరి ఒక రాతి కార్ఖానాకు అప్పగించాం.

వారు ముందుగా నున్నగా మెరుగుపెట్టిన నీలి గ్రానైటు పలకలు చూపించారు. టెక్కలి నీలిరాయికి వంక పెట్టలేం గాని, పాత రాళ్లను తీసివేయడానికి మా పెదనాన్నగారు ఒప్పుకోలేదు. పెద్ద మేస్త్రి ఆ మాట గౌరవించాడు. అన్నిటికన్నా పాత రాయిని తడిపి, పొద్దు వాలే వేళ ఏటవాలు వెలుగులో చూపిస్తే, ఇన్నాళ్లూ మాకు గీతల్లా కనిపించినవి ‘రక్తాక్షి’ అనే అక్షరాలుగా తేలాయి. అరవై ఏళ్లకొకసారి వచ్చే తెలుగు సంవత్సరం పేరు కనుక అది 1864 గాని 1924 గాని కావాలి. ఇంట్లోని భూమి కాగితాలను బట్టి 1924 అని నిర్ణయించుకున్నాం. ఆ అక్షరాలను తిరిగి చెక్కకుండా అలాగే వదిలి, విరిగిన ముక్కలను లోపల స్టీలు కడ్డీలతో అతికారు.

మొదటి రోజు కూలీలు పాత సున్నపు దిమ్మెకు సిమెంటు పూశారు. ఉప్పుగాలి తగిలే చోట సిమెంటు తేమను బయటికి పోనివ్వదు. ఆ ఉప్పు లోపలి సున్నాన్ని పిండి చేస్తుంది. చెప్పగానే మేస్త్రి దాన్ని గీకించి, ఇసుకను మంచినీటితో కడిగించి, సున్నంతోనే కట్టించి, వారం రోజులు తడి గోనెలు కప్పి ఉంచాడు.

మహాలయ పక్షానికి ముగిస్తామన్న పని కార్తీకం నడిమికి గాని పూర్తికాలేదు. ఆలస్యం గురించి ఒక్క ఫోను కూడా చేయకపోవడం బాధ కలిగించింది. పేర్లన్నీ చెక్కిన కొత్త పలకలో ‘ఉద్దానం’ను ‘ఉద్ధానం’ అని చెక్కారు. అదనపు డబ్బు అడగకుండా ఆ మేరకు రాయిని అరగదీసి మళ్లీ చెక్కి ఇచ్చారు. అక్కడ వేలు పెడితే ఇప్పటికీ చిన్న పల్లం తగులుతుంది. అయినా పాత రాయి జోలికి వెళ్లవలసి వస్తే మళ్లీ ఆ మేస్త్రినే పిలుస్తాం.