ఫొటోలు అతికేటప్పుడు ‘కెమెరా మోషన్’ను ఆటోకి వదిలేయకండి

చాలా ఫొటోలను అతికి ఒకే పెద్ద ఫొటోగా చేసే సాఫ్ట్‌వేర్, మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ వాళ్ల ఇమేజ్ కాంపోజిట్ ఎడిటర్‌ను ఏళ్ల తరబడి వాడుతున్నాను. 2015లో వచ్చిన రెండో వెర్షన్ నా విండోస్ కంప్యూటర్‌లో ఇప్పటికీ చక్కగా నడుస్తోంది. కంపెనీ దాన్ని ఆపేసింది కాబట్టి ఇక కొత్త వెర్షన్లు రావు. దాని వేగం గురించి అందరూ చెబుతారు. నేను మాత్రం ‘కెమెరా మోషన్’ అనే చిన్న మెనూ గురించే రాస్తాను, ఎందుకంటే బొమ్మ నిలబడేదీ వంకరపోయేదీ చాలాసార్లు అక్కడే తేలిపోతుంది.

సాఫ్ట్‌వేరే ఎంచుకునే ఆటో-డిటెక్ట్ కాక అందులో రొటేటింగ్ మోషన్ (కెమెరా ఉన్నచోటే తిరగడం), ప్లానర్ మోషన్ (చదునైనదాని మీదుగా జరగడం), స్క్యూ (బొమ్మ పక్కకు ఒరగడం) కలిపిన ప్లానర్, పర్‌స్పెక్టివ్ (ఏటవాలుగా చూడటం) కలిపిన ప్లానర్ ఉంటాయి. ఫొటోలు తీసేటప్పుడు కెమెరా ఎలా కదిలిందో మనం సాఫ్ట్‌వేర్‌కు చెప్పేది వీటితోనే. అందుకే ఏది ఎంచుకోవాలన్నది ఫొటోలు తీయకముందే ఆలోచించుకోవాలి.

గండికోటలో పెన్నా లోయ అంచున నిలబడితే దగ్గర్లో బండలు, దూరంగా అవతలి గోడ. ఇలా లోతున్న దృశ్యానికి కెమెరా ఉన్నచోటే తిరగాలి, సెట్టింగ్ రొటేటింగ్ ఉండాలి. ఫోన్ చాచి పట్టుకుని మనం గుండ్రంగా తిరిగితే ఫోన్ కూడా చోటు మారిపోతుంది. దగ్గరి బండ ఒక ఫొటోలో ఒకచోట, పక్క ఫొటోలో ఇంకోచోట పడి అతుకు దగ్గర తెగుతుంది. ఈ తేడాను ఏ సెట్టింగూ సరిచేయలేదు. ఫోన్‌ను ఉన్న చోటు నుంచి జరగనీయకుండా అక్కడే తిప్పుతూ, మనమే దాని చుట్టూ తిరగాలి. ఎక్స్‌పోజర్, ఫోకస్ రెండూ లాక్ చేసుకోవాలి.

చదునుగా ఉన్నవాటికి ఇంత కట్టడి లేదు, కెమెరాను జరుపుకుంటూ పోవచ్చు. నాకు బాగా ఇష్టమైన పని చేర్యాల నకాషీ పటాలను ఫొటో తీయడం. ఎర్రటి నేపథ్యం మీద వరుసగా కథ సాగే ఆ పొడవాటి గుడ్డ ఒక్క ఫొటోలో వివరంగా పట్టదు. కెమెరాను ట్రైపాడ్ మీద కిందికి గురిపెట్టి బిగించి, పటాన్నే కొంచెం కొంచెంగా లాగుతాను. లెక్క ప్రకారం కెమెరా జరిగినా, పటం జరిగినా ఒకటే. కానీ కింద టైల్స్ గళ్లు కనబడితే సాఫ్ట్‌వేర్ కదలని ఆ గళ్లనే పట్టుకుని తికమకపడుతుంది. సాదా గుడ్డ పరిస్తే ఆ టెన్షన్ ఉండదు. అంచు డిజైన్ మళ్లీ మళ్లీ ఒకేలా వస్తుంది కాబట్టి, ప్రతి రెండు ఫొటోల్లోనూ ఒక ముఖమో, ఏనుగో ఉమ్మడిగా పడేలా సగం వరకు ఓవర్‌ల్యాప్ ఇస్తాను.

ఈ పటాలకు ఉత్త ప్లానర్ మోషనే సరి. అందులో బొమ్మను అడ్డంగా జరపడం, నిలువుగా జరపడం, తిప్పడం, పెంచడం తగ్గించడం తప్ప ఇంకేం ఉండవు. లెక్కల్లో చెప్పాలంటే నాలుగు స్వేచ్ఛలు. స్క్యూ కలిపితే ఆరు, పర్‌స్పెక్టివ్ కలిపితే ఎనిమిది. ఎక్కువ స్వేచ్ఛ ఇస్తే ఇంకా బాగా కుదురుతుందనిపిస్తుంది గానీ, పొడవాటి వరుసలో చిన్న చిన్న పొరపాట్లు ఒకదాని మీద ఒకటి చేరి, చివరికి పటం ఒక కొసన సన్నబడుతుంది. రొటేటింగ్ పెడితే తిన్నని అంచులు విల్లులా వంగుతాయి. తక్కువ స్వేచ్ఛతో అతుకు కుదిరితే అక్కడే ఆగడం మంచిదని నా అభిప్రాయం.

లేపాక్షి నాట్యమండపం పైకప్పు బొమ్మల విషయం వేరు. తల పైకెత్తి, నడుస్తూ తీసేటప్పుడు చేయి ఎటో ఒకవైపు వాలుతుంది. అక్కడ పర్‌స్పెక్టివ్ కలిపిన ప్లానరే కావాలి. స్తంభాల తలలు మాత్రం ఫ్రేములోకి రానివ్వకండి. అవి కప్పు కన్నా కిందికి ఉంటాయి కాబట్టి, బొమ్మలు సరిగ్గా కలిసినా అవి రెండుగా కనిపిస్తాయి.

ఇందులో నాకు లోటనిపించేది ఒక్కటే: రెండు ఫొటోల్లో ఇదీ అదీ ఒకే బిందువని మన చేత్తో చూపించే వీలు లేదు. ఆ పని పడితే ఉచితంగా దొరికే హగిన్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌కు వెళ్తాను. నేర్చుకోవడానికి ఓపిక కావాలి గానీ, కెమెరా జరిగిన దూరాన్ని కూడా అది లెక్కలోకి తీసుకోగలదు, పటం అంచు తిన్నని గీత అని దానికి చెప్పనూ వచ్చు. మరీ పొడవైన పటాలకు ఇప్పుడు నేరుగా దాన్నే తెరుస్తున్నాను.