జపాన్‌కి మళ్లీ వెళ్తుంటే: జేఆర్ పాసా, విడి టికెట్లా?

జేఆర్ పాస్ అంటే జపాన్ రైల్వేస్ (జేఆర్) రైళ్లలో కొన్ని రోజులపాటు ఎన్నిసార్లయినా తిరగడానికి విదేశీ సందర్శకులకిచ్చే పాస్.

ఖర్చు: 7 రోజుల సాధారణ పాస్ ధర 2023 అక్టోబర్‌లో 29,650 యెన్ల నుంచి 50,000కు పెరిగింది. టోక్యో నుంచి క్యోటోకు షింకన్‌సెన్ (బుల్లెట్ రైలు) టికెట్ సుమారు 14,000. రానూపోనూ 28,000 అనుకున్నా, పాస్ కొంటే 22,000 నీళ్లపాలే. హిరోషిమా దాకా వెళ్లొచ్చినా విడి టికెట్లే చవక.

వేగం: ఈ దారిలో అన్నిటికన్నా వేగంగా వెళ్లే నొజోమి రైలు ఎక్కాలంటే పాస్ ఉన్నా అదనపు టికెట్ కొనాలి.

రిస్క్: పాస్ పోతే మళ్లీ ఇవ్వరు. అక్కడ ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లకు అసలు రాదు. తిరిగొచ్చేసి, ఇప్పుడు సందర్శకులుగా వెళ్లేవాళ్లకు వస్తుంది.

ఊళ్లో: పాస్ టోక్యోలో చుట్టూ తిరిగే జేఆర్ రైలు మార్గం యమనోతె లైన్‌లో చెల్లుతుంది, అంటే అనిమే, మాంగా షాపులుండే అకిహబారాకు సరిపోతుంది. టోక్యో మెట్రోలో చెల్లదు. పాత సుయికా కార్డు (ముందే డబ్బు వేసుకుని వాడే ప్రయాణ కార్డు) ఉంటే పారేయకండి, చివరిసారి వాడినప్పటి నుంచి 10 ఏళ్లు పనిచేస్తుంది.

సామాను: ఫిగర్లు (అనిమే బొమ్మలు), మాంగా (జపాన్ కామిక్స్) నింపిన పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు కలిపి 160 సెం.మీ. దాటితే టోక్యో, ఒసాకాల మధ్య నడిచే టోకైడో షింకన్‌సెన్‌లో సామాను చోటున్న సీటు ముందే బుక్ చేయాలి. లేదంటే 1,000 యెన్లు వసూలు చేస్తారు. పాస్ ఉన్నా ఇదే నియమం.

టోక్యో, క్యోటో, ఒసాకాలతో సరిపెట్టుకునేవాళ్లు విడి టికెట్లే కొనండి. వారంలోనే ఫుకుఓకా వెళ్లొచ్చి, సెందాయ్ కూడా చూడాలంటే పాస్ తీసుకోండి.