అనిశ్చిత డేటా గణిత సదస్సు: బస, వేదికలు, ఒక నల్లబల్ల

అనిశ్చితితో కూడిన డేటాను గణితం ద్వారా ఎలా సంభాళించాలన్న అంశంపై ఒక విశ్వవిద్యాలయంలో నాలుగు రోజుల పాటు జరిగిన సదస్సుకు వెళ్లి వచ్చాను. ఇటువంటి సదస్సుకు మొదటిసారి బయలుదేరే పరిశోధక విద్యార్థులకు పనికివస్తుందని ఈ వివరాలు రాస్తున్నాను.

మొదటి రెండు రాత్రులు నిర్వాహకులు సూచించిన హోటల్‌లో ఉన్నాను. గది శుభ్రంగా, నిశ్శబ్దంగా ఉంది, రాసుకోవడానికి విశాలమైన బల్ల కూడా ఉంది. అయితే సాయంత్రం సదస్సు బస్సు ఒక్కసారే నడిచేది కాబట్టి రెండు రోజులూ చర్చ మధ్యలోనే లేచి రావలసి వచ్చింది. మూడో రోజు క్యాంపస్ అతిథి గృహంలో ఒక గది ఖాళీ కావడంతో అక్కడికి మారాను. గది ఇరుకు, వైఫై మాటిమాటికీ తెగిపోయేది. అయినా మళ్లీ వెళితే అక్కడే దిగుతాను, ఎందుకంటే కింది అంతస్తులో పెద్ద నల్లబల్ల ఉంది, భోజనాలయ్యాక అందరూ దాని చుట్టూ చేరేవారు.

ఆ రాత్రి ఒక ఆచార్యురాలు ఆ బల్ల మీద, రెండు వేర్వేరు ఆధారాలిచ్చే విశ్వాసాలను ఒకటిగా కలిపే డెంప్‌స్టర్ సంయోజన నియమంపై, ఫజ్జీ సెట్ల రూపకర్త లోట్ఫీ జాదే లేవనెత్తిన ప్రసిద్ధ అభ్యంతరాన్ని అంకెలతో సహా వేసి చూపారు. ఒకే రోగిని చూసిన ఇద్దరు వైద్యులలో ఒకరు మెనింజైటిస్‌కు 0.99, మెదడులో కణితికి 0.01 విశ్వాసం ఇస్తారు. రెండోవారు తలకు తగిలిన దెబ్బకు 0.99, కణితికి 0.01 ఇస్తారు. ఇద్దరికీ పొసగేది కణితి ఒక్కటే, దాని వాటా 0.0001. మిగిలిన 0.9999 పరస్పర విరోధం కనుక నియమం దాన్ని తీసివేసి, కణితికి వచ్చిన ఆ 0.0001ను 1కి పెంచుతుంది. ఇద్దరూ దాదాపు కాదన్న కణితే ఖాయమని తేలుతుంది! ఈ ఉదాహరణ నేను ఎన్నోసార్లు చదివినదే, కానీ ఆవిడ 0.9999ను సుద్దతో రాసి అడ్డంగా గీత కొట్టినప్పుడు, మనం ఎంత సమాచారాన్ని పారేస్తున్నామో కళ్లకు కట్టింది. ఆ విరోధాన్ని పారేయకుండా 'తెలియదు' అన్న ఖాతాలో వేయాలన్న యాగర్ పద్ధతిని ఒకరు సమర్థించారు. అసలు ఆ వైద్యుల మాటకే ముందుగా విలువ తగ్గించి తీసుకోవాలని మరొకరు పట్టుబట్టారు. రాత్రి పదకొండు దాటినా ఎవరూ కదలలేదు.

ప్రధాన సభామందిరంలో మాట స్పష్టంగా వినిపించేది కానీ, వెనక వరుసలకు తెర మీది సూత్రాలు ఆనేవి కావు. ముందే వెళ్లి ముందు వరుసలో కూర్చోవడం మంచిది. నమోదు, పోస్టర్ ముద్రణ ఇబ్బంది లేకుండా సాగాయి. నన్ను నిజంగా బాధించింది కార్యక్రమ పట్టిక. జాదే 1965లో ప్రతిపాదించిన ఫజ్జీ సెట్ల మీద, పావ్‌లాక్ 1982లో ప్రవేశపెట్టిన రఫ్ సెట్ల మీద ప్రసంగాలను ఒకే సమయంలో, పది నిమిషాల దూరంలో ఉన్న రెండు భవనాలలో పెట్టారు. మొదటిది సరిహద్దు స్పష్టంగా లేని భావనలకు, రెండోది చేతిలో ఉన్న లక్షణాలతో వేరు చేయలేని వస్తువులకు సంబంధించినది. రెండింటినీ కలిపి పనిచేసే నావంటివారు సగం వినకుండానే తిరిగి వచ్చారు.

పత్రం ఆమోదం పొందిన రోజే అతిథి గృహానికి రాసి గది అడగండి, అక్కడ గదులు కొన్నే ఉంటాయి. ప్రసంగం ఇంకా సిద్ధం కాకపోతే మాత్రం మొదటి రాత్రికి ఆ హోటలే మేలు.