ఎవరెస్ట్ పక్కన ఊరు కట్టాలా, కిలిమంజారో పక్కనా?

మ్యాపంతా గడులుగా ఉండి, ఊళ్ళు కట్టుకుంటూ ఆడే సివిలైజేషన్ 6 వీడియో గేమ్‌లో, దారులు వెతికే స్కౌట్‌కి ఎవరెస్ట్ లాంటి ప్రకృతి అద్భుతం కనిపించగానే కెమెరా దగ్గరికి వెళ్తుంది, తెర మీద పేరు పడుతుంది. ఆ కాసేపట్లోనే కొత్త ఊరు కట్టే సెట్లర్‌ని అటు పంపేయాలనిపిస్తుంది. నేనైతే ముందు నీళ్ళు ఎక్కడున్నాయో చూస్తాను. నదో మంచినీటి సరస్సో ఆనుకుని ఉంటే కొత్త ఊరికి మొదటి నుంచే 5 హౌసింగ్ (జనం ఉండడానికి చోటు) వస్తుంది. సముద్రతీరమైతే 3, ఏదీ లేకపోతే 2. ఎంత గొప్ప కొండ పక్కన కట్టినా, 2 హౌసింగ్ ఉన్న ఊళ్ళో జనాభా పెరగడం గగనమే.

ఇంకో సంగతి కూడా ఉంది. ఈ గేమ్‌లో పెద్ద కొండలన్నీ మనిషి అడుగు పెట్టలేని గడులు. వాటి లాభమంతా చుట్టూ ఉన్న గడుల్లోకి వస్తుంది. కాబట్టి అద్భుతాన్ని కాదు, దాని ఇరుగుపొరుగును చూసి మార్కులు వెయ్యాలి. ఈసారి నా యాత్రలో తగిలిన చోట్లను ఆ లెక్కనే చెబుతున్నాను.

మొదట తగిలింది ఎవరెస్ట్. మూడు గడుల కొండ. దాన్ని ఆనుకున్న ప్రతి గడికీ 1 ఫెయిత్ (మత పాయింటు) అదనంగా వస్తుంది, పక్కకు వచ్చిన మిషనరీల్లాంటి మత యూనిట్లు ఆ తర్వాత గుట్టల మీద కూడా చదును నేల మీద నడిచినట్టే నడుస్తాయి. మతం వ్యాప్తి చేయాలనుకునేవాళ్ళకు మంచి మజిలీ. బసకు మాత్రం కష్టం. నేను వెళ్ళిన వైపు అంతా టండ్రా, దగ్గర్లో నది లేదు, తిండి తక్కువ. గేమ్‌లో ఏ యూనిట్టూ ఆ కొండ ఎక్కలేదు గానీ, మన నిజామాబాద్ అమ్మాయి మాలావత్ పూర్ణ 2014 మే 25న, 13 ఏళ్ళ వయసులో, నిజమైన ఎవరెస్ట్ ఎక్కేసింది. తెర మీద ఆ కొండ కనిపించిన ప్రతిసారీ నాకు ఆ అమ్మాయే గుర్తొస్తుంది.

ఎవరెస్ట్ దగ్గర ఊరు కట్టకపోయినా చూసిన ఫలం దక్కుతుంది. ఏదో ఒక ప్రకృతి అద్భుతాన్ని కనిపెడితే చాలు, ఆస్ట్రాలజీ అనే విద్యకు యురేకా (పరిశోధనలో రాయితీ) వచ్చి పరిశోధన తొందరగా అయిపోతుంది. ఆస్ట్రాలజీ వస్తే హోలీ సైట్ (మత కేంద్రం) కట్టుకోవచ్చు. ఆ హోలీ సైట్‌ని అద్భుతం పక్కనే కడితే మళ్ళీ 2 ఫెయిత్ ఎక్కువ. అందుకే ఆట మొదట్లో స్కౌట్‌ని తొందరగా బయటికి పంపమంటాను.

నివాసానికి నా ఓటు కిలిమంజారోకే. ఒకే గడి కొండ, చుట్టూ ఆరు గడులకూ తలా 2 ఫుడ్ ఎక్కువ. మామూలు గడ్డి నేల 2 ఫుడ్ ఇస్తుంది, ఇక్కడ అదే నేల పొలం వెయ్యకముందే 4 ఇస్తుంది. ఒక పౌరుడు తినేది 2. అంటే అక్కడ పని చేసే ప్రతి మనిషీ తన తిండి తాను తిని, ఇంకొకరికి సరిపడా మిగులుస్తాడు. ఊరు చూస్తుండగానే పెరిగిపోతుంది. టాంజానియాలో 5,895 మీటర్ల ఆ కొండ వాలుల్లో చగ్గా రైతులు అగ్నిపర్వతపు మట్టిలో అరటి, కాఫీ పండిస్తారు. గేమ్ తయారుచేసినవాళ్ళు ఈ కొండకు ఫెయిత్ ఇవ్వకుండా ఫుడ్ ఇవ్వడం నాకు చాలా నచ్చింది.

గ్యాదరింగ్ స్టార్మ్ ఎక్స్‌పాన్షన్ (గేమ్‌కి అదనపు భాగం) ఉంటే మాత్రం టెన్షన్ తప్పదు. అందులో కిలిమంజారో బద్దలవుతుంది. నా ఆటలో ఒకసారి పొగ లేచి, లావా దిగి, కొండ పక్కన ఉన్న రెండు పొలాలు పాడయ్యాయి. బిల్డర్‌ని పంపి బాగు చేయించాను. బిల్డర్ ఇన్ని పనులే చేయగలడని ఛార్జీల లెక్క ఉంటుంది గానీ, బాగుచేతకు ఆ ఛార్జి ఖర్చు కాదు. పైగా బూడిద పడ్డ నేల మునుపటికంటే సారవంతమైంది. దీనికి నేను చెప్పే ఉపాయం ఒకటే: ఊరిని కొండకు ఆనించకుండా రెండు గడుల దూరంలో కట్టండి. ఊరి జనం మూడు గడుల దాకా వెళ్ళి పని చేసుకోగలరు కాబట్టి కొండ చుట్టూ ఉన్న ఆరు గడులూ అందుబాటులోనే ఉంటాయి, ఊరు మాత్రం లావాకి దూరంగా ఉంటుంది. క్యాంపస్, కమర్షియల్ హబ్ లాంటి డిస్ట్రిక్టులను (ఊరికి చెందిన ప్రత్యేక పేటలను) కూడా ఆ ఆరు గడుల్లో పెట్టొద్దు. అక్కడ పొలాలే ఉండాలి.

మృత సముద్రం దగ్గర ఊరు కట్టాలని నాకు అనిపించలేదు. చుట్టూ ఎడారి. కానీ దెబ్బలు తిన్న సైనికులకు అంతకంటే మంచి ఆసుపత్రి మ్యాపులో లేదు. దాని ఒడ్డున టర్న్ (మన వంతు) ముగిస్తే చాలు, యూనిట్ ఆరోగ్యం పూర్తిగా తిరిగొస్తుంది. సరిహద్దులో యుద్ధం నడుస్తుంటే ఆ ఒడ్డును ఎవరి చేతికీ పోనివ్వకండి.

ఉలూరుది కూడా ఎడారే, అయినా దాని కథ వేరు. ఆనుకున్న గడులకు 2 ఫెయిత్, 2 కల్చర్ వస్తాయి, ఏమీ పండని ఇసుక కూడా పనికొస్తుంది. దగ్గర్లో నది ఉంటే కిలిమంజారో తర్వాత నేను ఎంచుకునేది దీన్నే. ఆస్ట్రేలియాలో ఆ శిల అక్కడి ఆదివాసులైన అనంగు ప్రజలకు పవిత్రం. 2019 అక్టోబరు 26 నుంచి దాన్ని ఎక్కడం నిషేధించారు. గేమ్‌లో కూడా దాని మీదికి ఎవరూ వెళ్ళలేరు, చుట్టూ తిరగాల్సిందే.

ఆ చుట్టూ తిరగడం అనేది సివిలైజేషన్ 5 లో కైలాసం దగ్గర ఇంకా బాగా తెలుస్తుంది. అక్కడ ఆ గడిలో ఊరి జనాన్ని పనికి పెడితే 6 ఫెయిత్. యూనిట్లు మాత్రం శిఖరం మీదికి పోలేవు. టిబెట్‌లో కూడా కైలాసాన్ని ఎవరూ ఎక్కరు, 52 కిలోమీటర్ల పరిక్రమ చేస్తారు. నా మిషనరీ ఆ కొండను చుట్టి అవతలికి వెళ్తుంటే అచ్చం యాత్రికుడిలాగే కనిపించాడు.

మళ్ళీ ఎవరెస్ట్ సంగతి. ఆట చివర్లో కన్సర్వేషన్ సివిక్ (సంస్కృతితో సాధించే మెట్టు) వచ్చాక ఫెయిత్ పెట్టి నేచురలిస్ట్ అనే యూనిట్‌ని కొనొచ్చు. ఒకే ఊరికి చెందిన, నిలువు డైమండ్ ఆకారంలో ఉన్న నాలుగు గడులు కలిపి ఆ నేచురలిస్ట్ నేషనల్ పార్క్ చేస్తాడు. ఎవరెస్ట్ మూడు గడులు ఒకదాన్నొకటి తాకుతూ త్రికోణంలా ఉంటాయి, కాబట్టి మనం కాపాడాల్సింది నాలుగో గడి ఒక్కటే. ఆ గడిలో గని తవ్వొద్దు, పొలం వెయ్యొద్దు. పక్కన గనులున్నా అందం తగ్గుతుంది. పార్క్ అయ్యాక టూరిజం వస్తుంది, ఊరికి 2 అమెనిటీలు (జనాన్ని సంతోషంగా ఉంచే సౌకర్యాలు), దగ్గర్లోని నాలుగు ఊళ్ళకు తలా ఒకటి. నది లేకపోయినా, చిన్న ఊరైనా సరే, పార్క్ కోసం ఎవరెస్ట్ పక్కన ఆలస్యంగానైనా ఒకటి కట్టి తీరాలి. ఆ నాలుగో గడి మీద ముందే మ్యాప్ ట్యాక్ (గుర్తు) పెట్టేసుకోండి.