హాట్ టబ్‌కు నిండా ఫోమా, గోడలకే పొరా?

అమెరికాలోని మిన్నెసోటా లాంటి చలి ప్రాంతంలో పెరట్లో హాట్ టబ్ (కూర్చుని సేదతీరే వేడినీళ్ల తొట్టి) పెట్టుకుంటే అసలు ఖర్చు కొన్నాకే మొదలవుతుంది. బయట మంచు, లోపల 40 డిగ్రీల నీళ్లు. ఆ వేడి పోకుండా ఆపడానికి రెండు పద్ధతులు: నిండా ఫోమ్, లేదా గోడలకే పొర.

వేడి: నిండా ఫోమ్ అంటే తొట్టికీ బయటి పెట్టెకూ మధ్య ఖాళీని పాలీయురేథేన్ నురగతో నింపేయడం. వేడి నెమ్మదిగా పోతుంది, పైపులు కదలవు. బయటి పెట్టె గోడలకే లోపలివైపు వేడిని ఆపే పొర వేస్తే మధ్యలో గాలి ఉంటుంది. మోటారు వేడి ఆ గాలిని వెచ్చబెడుతుంది. పెట్టె పలకల మధ్య సందులుంటే ఆ లాభం పోతుంది.

కరెంటు పోతే: ఫోమ్‌దే పైచేయి. రెండోదానిలో పైపులు త్వరగా గడ్డకట్టవచ్చు.

మరమ్మతు: ఇక్కడ ఫోమ్ ఏడిపిస్తుంది. లీకు ఎక్కడుందో కనబడదు. తడిసిన నురగను చెక్కుకుంటూ పోవాలి, తడిసిన చోట అది వేడిని ఆపదు కూడా. పొర అయితే పలక విప్పగానే పైపులన్నీ కనిపిస్తాయి.

ఏది ఎంచుకున్నా వేడి ఎక్కువగా పోయేది పైనుంచే. మూత నీరు పీల్చి బరువెక్కితే ముందు దాన్ని మార్చండి.

కొత్త టబ్, కఠినమైన చలి, తరచూ కరెంటు కోతలు ఉంటే నిండా ఫోమ్. పాత టబ్ కొంటున్నా, టెక్సాస్ వంటి వెచ్చని చోట ఉన్నా గోడల పొరే మేలు.