స్పోర్ట్స్ ఫిజికల్: నర్స్ ప్రాక్టీషనర్ దగ్గరా, పిల్లల డాక్టర్ దగ్గరా?

డాలస్ వైపు మన తెలుగు ఇళ్లలో ఆగస్టు దగ్గరపడుతుంటే ఇదే టెన్షన్, స్కూల్ ఆటల్లో చేరే ముందు చేయించే వైద్య పరీక్ష (స్పోర్ట్స్ ఫిజికల్) ఫారం మీద నర్స్ ప్రాక్టీషనర్ (పై చదువు చదివి, పరీక్ష చేసి మందులు రాసే నర్స్) సంతకం చెల్లుతుందా అని. టెక్సాస్‌లో చెల్లుతుంది. అక్కడి స్కూల్ ఆటలు చూసే యూఐఎల్ ఫారంలోనే డాక్టర్, ఫిజీషియన్ అసిస్టెంట్ (డాక్టర్ పర్యవేక్షణలో వైద్యం చేసేవారు), అడ్వాన్స్‌డ్ ప్రాక్టీస్ నర్స్ (నర్స్ ప్రాక్టీషనర్ ఈ కోవలోకే వస్తారు), చివరికి కైరోప్రాక్టర్ (వెన్నెముక, కీళ్లు చేత్తో సరిచేసేవారు) కూడా సంతకం చేయొచ్చని రాసి ఉంటుంది (మామూలు రిజిస్టర్డ్ నర్స్ సంతకం మాత్రం కుదరదు). వేరే రాష్ట్రమైతే అక్కడి ఫారం చూసుకోండి.

మందుల షాపులోని క్లినిక్‌లో నర్స్ ప్రాక్టీషనర్ త్వరగా దొరుకుతారు, కానీ ఇన్సూరెన్స్ చాలాసార్లు వర్తించదు, జేబులోంచే కట్టాలి. పిల్లల డాక్టర్ అపాయింట్‌మెంట్ ఆలస్యమే గానీ ఏటా చేసే చెకప్‌కి చాలా ఇన్సూరెన్సుల్లో డబ్బు కట్టక్కర్లేదు, ఆ ఫారం అప్పుడే నింపించుకోవచ్చు, పైగా పాత రికార్డంతా ఆయన దగ్గరే ఉంటుంది. ఆడుతూ కళ్లు తిరిగి పడిపోయినా, ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో గుండెపోటుతో పోయినా నేనైతే నేరుగా డాక్టర్ దగ్గరికే వెళ్తాను.

ఇంకోటి, తలకి దెబ్బ తగిలి కంకషన్ (మెదడు అదిరి దెబ్బతినడం) అయితే మళ్లీ ఆడటానికి టెక్సాస్ చట్టం వైద్యం చేసిన డాక్టర్ రాతపూర్వక అనుమతే అడుగుతుంది.