ఓపెన్‌బీఎస్‌డీ, డెబియన్, ఉబుంటు: ప్యాచ్‌ల సంగతిలో మన డెల్టాకి ఏది మేలు?

భీమవరం, పాలకొల్లు, తణుకు, రావులపాలెం చుట్టుపక్కల ఏ రైస్ మిల్లుకి వెళ్లినా, రొయ్యల మేత షాపుకి వెళ్లినా, చిన్న నర్సింగ్ హోముకి వెళ్లినా ఓ మూల పాత సీపీయూ ఒకటి రాత్రీ పగలూ నడుస్తూ కనిపిస్తుంది. బిల్లింగ్, కాటా లెక్కలు, సీసీ కెమెరాల రికార్డింగు అన్నీ దాని మీదే. లైసెన్సు ఖర్చు ఉండదని చాలామంది దాంట్లో లినక్స్ వేయించుకుంటున్నారు, మంచి పనే. వేసిన కుర్రాడు హైదరాబాదులో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాక దానికి ప్యాచ్‌లు, అంటే లోపాలు సరిచేసే చిన్న సవరణలు, ఎవరు వేస్తున్నారండీ అంటే మాత్రం ఎవరూ మాట్లాడరు. "ఏ సిస్టమ్ వేసుకుంటే మంచిది" అని అడిగేవాళ్లకి నేను ముందు చెప్పేది ఇదే: దాని ప్యాచ్‌లు ఎలా వస్తాయో, మన కరెంటుకీ మన నెట్‌కీ చూసుకునే మనిషికీ అవి కుదురుతాయో లేదో చూసి వేసుకోండి. ఆ లెక్కన లినక్స్ రకాలైన డెబియన్, ఉబుంటులనీ, వాటితోపాటు ఓపెన్‌బీఎస్‌డీనీ, ఈ మూడు ఆపరేటింగ్ సిస్టమ్‌లనీ పక్కపక్కన పెట్టి చూద్దాం.

ప్యాచ్‌లు స్థూలంగా రెండు రకాలు. బయటివాడు లోపలికి దూరే దారి మూసేది సెక్యూరిటీ ప్యాచ్. ఎవడూ ఏమీ చేయకపోయినా మెషిన్ హ్యాంగ్ అవడం, ఫైళ్లు పాడవడం, నెట్‌వర్క్ కార్డు ఉన్నట్టుండి పడిపోవడం లాంటివి సరిచేసేది రిలయబిలిటీ ప్యాచ్. కాలువ గట్టుకి గండి పడితే అర్ధరాత్రయినా ఇసుక బస్తాలు మోస్తాం, పూడికతీత, లాకుల రిపేర్లు మాత్రం వేసవిలో కాలువలు కట్టేశాకే పెట్టుకుంటాం. ఈ రెండు రకాల ప్యాచ్‌లకీ మధ్య తేడా చాలా వరకు అంతే. చాలా వరకు అని ఎందుకన్నానో ఓపెన్‌బీఎస్‌డీ కథలోనే తెలుస్తుంది.

ఓపెన్‌బీఎస్‌డీ లినక్స్ కాదు. 1995లో థియో డి రాట్ అనే ప్రోగ్రామర్ నెట్‌బీఎస్‌డీ అనే మరో సిస్టమ్ నుంచి విడిపోయి మొదలుపెట్టిన, వేరే యూనిక్స్ కుటుంబానికి చెందిన సిస్టమ్. ఆరు నెలలకొక కొత్త వెర్షన్ వస్తుంది, చివరి రెండు వెర్షన్లకే ప్యాచ్‌లు ఇస్తారు, అంటే ఏ వెర్షన్‌కైనా ఆయుష్షు దాదాపు ఏడాది. నాకు దీంట్లో బాగా నచ్చేది ప్యాచ్‌లు ఇచ్చే పద్ధతి. ఒక్కో సమస్యకి ఒక్కో చిన్న ప్యాచ్, దానికో నంబరు, పక్కనే ఇది సెక్యూరిటీదా రిలయబిలిటీదా అన్న ముద్ర, రెండు మూడు ముక్కల్లో సమస్య ఏమిటో వివరణ, మార్చిన కోడ్ మొత్తం మన కళ్లముందే. 2017లో వచ్చిన 6.1 వెర్షన్ నుంచి సిస్‌ప్యాచ్ అనే చిన్న కమాండ్ ఉంది. అది ప్యాచ్ దించి, అసలైనదో కాదో దాని డిజిటల్ సంతకంతో సరిచూసి వేస్తుంది, తేడా వస్తే చివర వేసిన ప్యాచ్‌ని వెనక్కి తీసేయగలదు కూడా. ఫోన్ డేటాతో నెట్టుకొచ్చే చోట ఇంత చిన్న ప్యాచ్‌లు రావడం పెద్ద సుఖం.

అయితే ఆ ముద్ర చూసి "రిలయబిలిటీయేగా, వచ్చే నెల చూద్దాంలే" అనుకోకూడదు. 2007లో ఓపెన్‌బీఎస్‌డీ నెట్‌వర్క్ కోడ్‌లో, ఐపీవీ6 (కొత్త తరం ఇంటర్నెట్ అడ్రసుల పద్ధతి) ప్యాకెట్లని పట్టుకునే చోట ఒక లోపం బయటపడింది. మెషిన్ క్రాష్ అవుతుంది, అంతకుమించి ఏమీ కాదని డెవలపర్లు అనుకుని దానికి మొదట రిలయబిలిటీ ముద్రే వేశారు. లోపాన్ని పట్టుకున్న కోర్ సెక్యూరిటీ అనే కంపెనీ వాళ్లు ఊరుకోకుండా, అదే లోపంతో దూరం నుంచి కెర్నెల్‌లో, అంటే సిస్టమ్ గుండెకాయలో, తమ కోడ్ నడిపించవచ్చని చేసి చూపించారు. దాంతో ముద్ర సెక్యూరిటీగా మారింది, ఏమీ మార్చకుండా వేసిన సిస్టమ్‌లో దూరం నుంచి దూరే రంధ్రం ఇన్నేళ్లలో ఒక్కటే అని ఓపెన్‌బీఎస్‌డీ వాళ్లు గర్వంగా చెప్పుకునే వాక్యంలో ఒకటి కాస్తా రెండయింది. ఆ కోడ్ రాసినవాళ్లకే మొదట తేడా తెలియలేదంటే, ముద్ర చూసి తీరిగ్గా కూర్చునే హక్కు మనకి లేదు. అందుకే నా పద్ధతి వేరు. బయటి నెట్‌వర్క్ నుంచి వచ్చే ప్యాకెట్‌ని ముట్టుకునే కోడ్‌లో ప్యాచ్ అయితే దాని మీద ఏ ముద్ర ఉన్నా వెంటనే వేయాలి. మన మెషిన్‌లో లేని హార్డ్‌వేర్ డ్రైవర్‌కి ప్యాచ్ అయితే ఆగొచ్చు.

లినక్స్ కెర్నెల్ వాళ్లు ఈ విభజననే పెద్దగా ఒప్పుకోరు. సెక్యూరిటీ బగ్గులు మామూలు బగ్గులే, వాటికి ప్రత్యేక పీట వేయనని లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ 2008లోనే గట్టిగా అన్నాడు. 2024 ఫిబ్రవరి నుంచి కెర్నెల్ బృందం సీవీఈ నంబర్లు (భద్రతా లోపాలకి ఇచ్చే గుర్తింపు నంబర్లు) తనే ఇచ్చుకుంటోంది. కెర్నెల్‌లో దాదాపు ఏ బగ్గయినా ఎవడో ఒకడు దాడికి వాడుకోగలడన్నది వాళ్ల వాదన, కాబట్టి నంబర్లు కుప్పలుగా వస్తున్నాయి. వాదనలో నిజం ఉంది, 2007 కథ చెప్పేదీ అదే. కానీ మనకి దాని ఫలితం ఏమిటంటే, లినక్స్‌లో సెక్యూరిటీ కోసం కొత్త కెర్నెల్ దించుకుంటే దాంతోపాటు వందల చిన్న మార్పులు కూడా వచ్చి పడతాయి, అందులోంచి కావలసినదొక్కటే ఏరుకోవడం కుదరదు.

ఇప్పుడు డెబియన్. ఒక వెర్షన్‌కి మూడేళ్లు పూర్తి మద్దతు, ఆ తర్వాత ఎల్‌టీఎస్ (దీర్ఘకాల మద్దతు) బృందం మరో రెండేళ్లు, మొత్తం అయిదేళ్లు. సెక్యూరిటీ ప్యాచ్‌లు ఎప్పటికప్పుడు వేరే దారిలో వస్తాయి, మిగతా ముఖ్యమైన బగ్గుల సవరణలు రెండు నెలలకి అటూఇటూగా పాయింట్ రిలీజుల్లో ఒక మూటగా వస్తాయి. ప్రోగ్రాముల వెర్షన్ నంబర్లు పెంచకుండా, పాత వెర్షన్‌లోకే సవరణని తెచ్చి అతికిస్తారు. మిల్లు యజమానికి కావలసింది అదే, నిన్న నొక్కిన బటన్ ఇవాళ కూడా అక్కడే ఉండాలి.

ఈ అతికించడంలోనే ప్రమాదం కూడా ఉంది. 2023 డిసెంబరులో డెబియన్ 12.3 విడుదలని మధ్యలో ఆపేయాల్సి వచ్చింది. అందులోని 6.1.64 కెర్నెల్‌లో, ఈఎక్స్‌టీ4 అనే ఫైల్ సిస్టమ్‌లో (డిస్కు మీద ఫైళ్లని సర్దే పద్ధతి) డేటా పాడయ్యే లోపం దొరికింది. ఆ లోపం ఎలా వచ్చిందో చూడండి: కొత్త కెర్నెల్‌లోని ఒక సవరణని పాతదాంట్లోకి తెచ్చారు, ఆ సవరణ ఆధారపడిన మరో మార్పుని తేలేదు. వెంటనే 6.1.66 కెర్నెల్‌తో 12.4 విడుదల చేశారు. ఇంకా వెనక్కి వెళితే, రహస్య కీలు తయారుచేసే ఓపెన్ఎస్ఎస్ఎల్‌లో డెబియన్ సొంతంగా చేసిన ఒక చిన్న మార్పు వల్ల 2006 నుంచి 2008 దాకా ఆ మార్పున్న సిస్టమ్‌లలో దాంతో తయారైన కీలన్నీ ఊహించి పట్టుకోగలిగేవిగా తయారయ్యాయి. ఇవి చెప్పి డెబియన్‌ని తక్కువ చేయాలని కాదు, నేను ఎక్కువ చోట్ల వేసేది దాన్నే. సవరణ కోసం వచ్చిన ప్యాచ్ కొత్త జబ్బు తేగలదని, అందుకే రిలయబిలిటీ మూటని వచ్చిన రోజే వేయకుండా నాలుగైదు రోజులు ఆగడంలో అర్థం ఉందని చెప్పడానికి.

ఇక్కడ చాలామంది చూడని సంగతి ఒకటుంది. ప్యాచ్‌లు తమంతట తామే పడేలా చేసే అనటెండెడ్ అప్‌గ్రేడ్స్ అనే ప్యాకేజీ డెబియన్‌లోనూ ఉంది, ఉబుంటులోనూ ఉంది, డీఫాల్ట్ సెట్టింగులే ఒకటి కాదు. డెబియన్‌లో అది సెక్యూరిటీతోపాటు పాయింట్ రిలీజు మూటని కూడా వేసేస్తుంది. ఉబుంటులో మామూలుగా సెక్యూరిటీవి మాత్రమే వేస్తుంది, అప్‌డేట్స్ అనే విభాగంలో వచ్చే బగ్గుల సవరణలు మనం చేత్తో వేసుకోవాలి. పైగా ఉబుంటు ఆ మామూలు అప్‌డేట్లని అందరికీ ఒకేసారి ఇవ్వదు, ముందు కొద్ది శాతం మెషిన్లకి పంపి, ఫిర్యాదులు రాకపోతే శాతం పెంచుకుంటూ పోతుంది. సెక్యూరిటీవి మాత్రం అందరికీ ఒకేసారి. నాకు ఇది చాలా తెలివైన పద్ధతి అనిపిస్తుంది, ఈ ఒక్క విషయంలో ఉబుంటుదే పైచేయి. డెబియన్‌లో అదే కావాలంటే సెట్టింగుల ఫైల్‌లో పాయింట్ రిలీజుల లైను తీసేసి సెక్యూరిటీ లైను ఉంచుకోవాలి, రెండు నిమిషాల పని. ఉబుంటు ఎల్‌టీఎస్‌కీ అయిదేళ్ల మద్దతు ఉంది, సొంత వాడకానికి అయిదు మెషిన్ల దాకా ఉబుంటు ప్రో ఉచితంగా తీసుకుంటే పదేళ్లు.

ఒకే లోపానికి ఈ మూడూ ఎలా నిలబడ్డాయో చూడాలంటే 2024 జులై 1న బయటపడ్డ ఓపెన్ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి మెషిన్‌లోకి లాగిన్ అయ్యే ప్రోగ్రాము) లోపం ఉంది. 2006లో ఒకసారి మూసిన రంధ్రమే తర్వాతి మార్పుల్లో మళ్లీ తెరుచుకుంది. డెబియన్ 12, ఉబుంటు 22.04, 24.04 దాని బారిన పడ్డాయి, ప్యాచ్‌లు మాత్రం వెంటనే వచ్చేశాయి. డెబియన్ 11లోని ఓపెన్ఎస్ఎస్‌హెచ్ అంతకంటే పాతది కావడంతో తప్పించుకుంది. ఓపెన్‌బీఎస్‌డీకి అసలు ప్యాచే అక్కర్లేకపోయింది, ఎందుకంటే ఆ సందర్భంలో అది వాడే లాగింగ్ ఫంక్షన్‌ని వాళ్లు 2001లోనే సురక్షితంగా రాసుకున్నారు. ఆ ముందు మార్చిలో బయటపడ్డ ఎక్స్‌జెడ్ బ్యాక్‌డోర్ (ఎక్స్‌జెడ్ అనే ఫైళ్లు కుదించే ప్రోగ్రాములో ఎవరో దాచిన దొంగదారి) కూడా డెబియన్ స్టేబుల్‌ని, అంటే అధికారికంగా విడుదలైన వెర్షన్‌ని, తాకలేదు, ఇంకా పరీక్షలో ఉన్న టెస్టింగ్, అన్‌స్టేబుల్ వెర్షన్లు వాడేవాళ్లే కంగారు పడాల్సి వచ్చింది. షాపులో డబ్బు లెక్కలు ఉన్న మెషిన్ మీద టెస్టింగ్ వెర్షన్ వేసేవాళ్లని దయచేసి ఆపండి.

భద్రతలో ఓపెన్‌బీఎస్‌డీ ఇంత ముందుంటే దాన్నే వేసేయొచ్చుగా అంటారా? మన కరెంటు దానికి పెద్ద అడ్డం. ఓపెన్‌బీఎస్‌డీ ఫైల్ సిస్టమ్‌లో జర్నలింగ్ (చేయబోయే మార్పుని ముందే రాసిపెట్టుకునే ఏర్పాటు) లేదు. యూపీఎస్ బ్యాటరీ చచ్చిపోయి మెషిన్ ఠక్కున ఆగిపోతే, మళ్లీ లేచేటప్పుడు డిస్కు మొత్తం సరిచూసుకుంటుంది, ఒక్కోసారి ఎవరైనా కీబోర్డు ముందు కూర్చుని జవాబు చెప్తేగాని ముందుకు కదలదు. గాలివాన వచ్చి స్తంభాలు పడిపోయి, రాజోలు దీవిలో ఎక్కడో మెషిన్ ఆ ప్రశ్న దగ్గర ఆగిపోయి ఉంటే మీరు అమలాపురం నుంచి ఏమీ చేయలేరు. ఈఎక్స్‌టీ4కి జర్నల్ ఉంది కాబట్టి చాలాసార్లు తనంతట తానే లేచి నిలబడుతుంది. రెండో అడ్డం ఆరు నెలల చక్రం. ఏడాది దాటి వదిలేస్తే ప్యాచ్‌లు ఆగిపోతాయి, తర్వాత పట్టించుకున్నా ఒక్కో వెర్షన్ ఎక్కుతూ రావాలి తప్ప ఒకేసారి దూకడానికి లేదు. సార్వా ధాన్యం వచ్చి మిల్లు ఊపిరి సలపకుండా నడిచే రోజుల్లో కొత్త వెర్షన్ ఎక్కిస్తానంటే ఏ యజమానీ ఒప్పుకోడు.

కరెంటు గురించి ఇంకో మాట, ఇది డెబియన్, ఉబుంటు వాళ్లకి. కొత్త కెర్నెల్ డిస్కు మీద పడ్డా, రీబూట్ చేసేదాకా పాతదే నడుస్తుంది, ఆ రెండు సిస్టమ్‌లూ డీఫాల్ట్‌గా తమంతట తాము రీబూట్ కావు. నెలల తరబడి రీబూట్ చేయకుండా ఉంచి, నడుస్తోందిగా అని ధీమాగా ఉంటారు. తర్వాత ఏ అర్ధరాత్రో కరెంటు పోతుంది, యూపీఎస్ అయిపోతుంది, కరెంటు వచ్చాక మెషిన్ ఎప్పుడో పడ్డ కొత్త కెర్నెల్‌తో మొదటిసారి లేవడానికి ప్రయత్నిస్తుంది. అది లేవకపోతే చూడటానికి అక్కడ ఎవరూ ఉండరు, తెల్లారితే కాటా దగ్గర లారీల వరస. కాబట్టి కెర్నెల్ ప్యాచ్ పడిన వారంలోపే, మీరు పక్కన ఉండగా, పని లేని వేళ రీబూట్ చేయండి. లేవకపోతే మెషిన్ లేచేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో పాత కెర్నెల్ ఎంచుకుని లేపొచ్చు, ఆ ఎంపిక ఎలా చేయాలో గుమాస్తాకి ఒకసారి చూపించి కాగితం మీద రాసి అంటించండి. కొత్త కెర్నెల్ మంచిదో కాదో నాలుగు రోజులు చూసే వీలు కూడా ఈ రీబూట్ దగ్గరే దొరుకుతుంది.

చివరికి నా తీర్పు. మిల్లు, షాపు, నర్సింగ్ హోము సర్వర్‌కి డెబియన్ స్టేబుల్: సెక్యూరిటీవి తమంతట తామే పడాలి, పాయింట్ రిలీజులు కొద్ది రోజులు ఆగి చేత్తో వేయాలి, ఫైల్ సిస్టమ్ సవరణ అయితే ఏం మారిందో చదివి, బ్యాకప్ తీశాకే. స్కూలు ల్యాబులకీ కోచింగ్ సెంటర్లకీ ఉబుంటు ఎల్‌టీఎస్, ఎందుకంటే అక్కడ మాస్టారికి ఇదంతా చూసే తీరిక ఉండదు, ఏమీ మార్చకపోయినా డీఫాల్ట్ సెట్టింగులే సరైనవి. ల్యాబులో ముప్ఫై మెషిన్లుంటే ఒకదాంట్లో ఆప్ట్ క్యాషర్ అనే ప్రోగ్రాము పెట్టండి, ప్యాచ్ ఒకసారి దిగితే మిగతావన్నీ దాని దగ్గరే తెచ్చుకుంటాయి. ఓపెన్‌బీఎస్‌డీని నేను ఒక్క చోటే సిఫార్సు చేస్తాను, ఇంటర్నెట్‌కీ ఆఫీసుకీ మధ్య కూర్చునే ఫైర్‌వాల్ మీద. అదీ మంచి యూపీఎస్ ఉండి, నెట్‌వర్క్ ప్యాచ్ వస్తే వెంటనే, లేకపోతే నెలకోసారైనా లోపలికి వెళ్లి సిస్‌ప్యాచ్ నడిపి, ఆరు నెలలకోసారి వెర్షన్ ఎక్కించే మనిషి ఊళ్లోనే ఉంటే. ఆ మనిషి లేకపోతే ఫైర్‌వాల్ మీద కూడా డెబియనే వేయండి.